పిన్ని పెరట్లో చారల ఆకులు

ఆమదాలవలసలో పొద్దున్నే పాసింజరెక్కాను. పొందూరు, చీపురుపల్లి దాటేలోగా సంచిలో తడి గోనెగుడ్డ ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. విజయనగరంలో దిగి, కోట వైపైనా వెళ్లకుండా, ఆటోలో నేరుగా అయ్యకోనేరు గట్టు దగ్గరున్న పిన్ని ఇంటికి. మొక్కల కోసమే వచ్చాను మరి.

కిందటి వేసవిలో మా వాకిట్లో చారల స్పైడర్ ప్లాంట్ ఓ వరస నాటాను. మే ఎండకి తెల్ల చారలన్నీ కాగితంలా పెళుసెక్కి మాడిపోయాయి. ఆ ఖాళీ చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

పిన్ని పెరట్లో మామిడి కింద నేలే కనిపించదు. నూతి గట్టు నుంచి దడి దాకా తెల్లమచ్చల మనీ ప్లాంట్, మధ్యలో వెండిచారల జీబ్రినా తీగ. ఏడాది పొడవునా ఇలాగే ఉంటాయి.

"తెలుపున్న చోట పచ్చదనం ఉండదు కదమ్మా, అక్కడ ఆకుకి తిండి తయారవదు. అందుకే మెల్లిగా పెరుగుతాయి. ఎండకి ముందు మాడేదీ ఆ తెలుపే" అంది పిన్ని. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌కి పాత మామిడి కూలినప్పుడు నీడ పోయి వీటికీ అదే గతి పట్టిందట. కొబ్బరాకుల పందిరి వేసి బతికించుకుంది. ఇప్పుడున్నది ఆ తర్వాత నాటిన చెట్టు. అలాగని చీకటి మూల పెట్టినా చారలు మాసిపోతాయట. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉండాలి.

తర్వాత గొంతుకూర్చుని ఓ తీగ పైకెత్తింది. వరసగా నాలుగాకులు, ఒక్క మచ్చ లేకుండా పచ్చగా, అరచేయంత. కాడ మీద కూడా తెల్లగీత లేదు. మిగతా అన్నిటికంటే బలంగా ఉన్నది అదే.

"దీన్నుంచితే మిగతావన్నీ కప్పేస్తుంది" అంటూ చివరి చారలాకు దాకా వెనక్కి వెళ్లి, దాని పైన కత్తిరించేసింది. నాకు చివుక్కుమంది గానీ, ఆ పక్కనే పచ్చతీగ కింద నలిగిన చారల మొలక చూశాక మాట్లాడలేదు.

కాడ మీద తెల్లగీత ఉన్న ముక్కలే ఏరి, ఒక్కోదానికి రెండు కణుపులు ఉండేలా కోసి, గోనెగుడ్డలో చుట్టాం.

తిరుగు బండిలో ఎదుటి సీటు ముసలమ్మ సంచిలోకి తొంగి చూసి, "ఏటమ్మా, తమలపాకులా?" అంది.

"కాదమ్మా, మనీ ప్లాంట్. నోట్లో పెట్టకూడదు, దురదెత్తుతుంది."

"ఎంత బాగుందో, నాకోటిస్తావా?"

గుడ్డ విప్పి, కాడ మీద గీత బాగా కనిపిస్తున్న ముక్క వెతికి ఇచ్చాను.