కిబ్బర్ చలికి గ్లౌజులు కొనడానికి నెలన్నర పట్టింది

ఆదివారమే కిబ్బర్ నుంచి బెంగళూరు చేరాను. పది వేళ్లూ భద్రంగా ఉన్నాయి, మనసు తేలికగా ఉంది, అందుకే వెంటనే రాస్తున్నాను. సెలవు, టికెట్లు, జాకెట్, బూట్లు అన్నీ ఒక్క వారంలో అయిపోయాయి. గ్లౌజులే నన్ను ఏడిపించాయి.

కిబ్బర్ హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో 4,200 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఫిబ్రవరి రాత్రుల్లో చలి మైనస్ 20 దాటుతుంది. మంచు చిరుత ఫోటో కోసం గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి, కనబడిన క్షణంలో షటర్ నొక్కడానికి వేలు పనిచేయాలి. మన బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఇక్కడ చలి గ్లౌజులు అడిగితే బైకు గ్లౌజులు చేతిలో పెడతారు.

నేనూ మొదట అవే కొన్నాను. ట్రైపాడ్ హెడ్‌ని (కెమెరా స్టాండుకి పైనుండే లోహపు భాగం) రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున్నే ఆ గ్లౌజులతో పట్టుకున్నాను. రెండు నిమిషాలకే లోహం చల్లదనం అరచేతికి దిగింది. కొనేముందు మీరూ ఇలా చేసి చూడండి.

తర్వాత పర్వతారోహణ సామాన్లమ్మే ఓ పెద్ద షాపుకి మా ఆయనతో వెళ్లాను. సేల్స్ అబ్బాయి నన్ను చూడనే లేదు. "సార్, చెయ్యి ఇట్లివ్వండి" అన్నాడు. కెమెరా నాది, వెళ్లేది నేను అని చెప్పాను. "మేడమ్‌కైతే పిల్లల సెక్షన్‌లో చూడండి, పింక్ కూడా ఉంది" అన్నాడు. నా అరచేతి చుట్టుకొలత ఏడంగుళాలు. పిల్లల గ్లౌజులు అరచేతికి సరిపోయాయి కానీ బొటనవేలి దగ్గర లాగేశాయి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా తొందరగా చల్లబడతాయి. మగవాళ్ల మీడియం వేసుకుంటే వేలి కొసన అరంగుళం గుడ్డ వేలాడింది. బ్యాగులోంచి కెమెరా తీసి షటర్ నొక్కి చూశాను. ఫోకస్ కోసం బటన్ సగమే నొక్కాలి, ఆ సగం ఎక్కడ ఆగుతుందో తెలియక టకటకా పది ఫోటోలు పడిపోయాయి.

ఆ చప్పుడుకి మేనేజర్ వచ్చాడు. షాపులో ఫోటోలు తీయకూడదట. తీసినవన్నీ చూపించమన్నాడు. బిల్లింగ్ లైన్‌లో ఉన్నవాళ్లందరూ చూస్తుండగా ఒక్కొక్కటీ చూపించి చెరిపేశాను. అన్నింట్లోనూ ఉన్నది నేలమీది టైల్సే. మా ఆయన ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పదకొండేళ్లుగా తెల్లవారకముందే లేచి హెసరఘట్ట గడ్డిలో, రంగనతిట్టు పడవల్లో పిట్టల్ని తీస్తున్నదాన్ని. ఆ రోజు దొంగలా నిలబడ్డాను. చేతికి వేసుకునే వస్తువు అమ్మేవాడు, ఆ చేతితో చేసే పనిని షాపులో చేసి చూసుకోనివ్వాలి. ఆ మాత్రం తెలియనివాళ్ల దగ్గర ఎంత మంచి సరుకున్నా కొనకండి.

చివరికి ఆన్‌లైన్‌లో రెండు పొరలుగా తెప్పించాను. లోపల పల్చటి మెరినో ఉన్ని లైనర్, ఆడవాళ్ల సైజు, వేలికొసన టచ్‌స్క్రీన్‌కి పనిచేసే దారం. పైన మిట్టెన్, అంటే వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే గ్లౌజు, వేళ్ల దగ్గర మూత వెనక్కి మడవొచ్చు. వేళ్లన్నీ ఒకేచోట ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతుంది. నూలు లైనర్ మాత్రం వద్దు, చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. మిట్టెన్లు గాలికి ఎగిరిపోకుండా మణికట్టుకి ఎలాస్టిక్ కుట్టించాలనిపించి మారతహళ్లిలో మా వీధి టైలరక్క దగ్గరికెళ్లాను. ఆమెది మదనపల్లె. "ఏందిమ్మా, గ్లౌజులకు తాడా?" అంటూనే సంగతంతా విని, మణికట్టు కొలిచి, కుట్టు రెండుసార్లు వేసి, జాకెట్ తొడుక్కుని చూడమంది. షాపులో ఎవరూ అడగని మాట అది.

అక్కడికెళ్లాక తెలిసినవి మూడు. కొండ ఎక్కేటప్పుడు లైనర్ తీసేయాలి, లేకపోతే చెమటకి తడిసి కూర్చున్నాక గడ్డకడుతుంది. రెండో జత జేబులో ఉండాలి. ఇనుప పొడితో వేడెక్కే ప్యాకెట్లు గాలి ఉంటేనే పనిచేస్తాయి, ఆ ఎత్తున గాలి పల్చన కాబట్టి వాటినే నమ్ముకోకండి.

మూడో రోజు సాయంత్రం లోయ అవతలి రాళ్ల మధ్య పొడవాటి తోక కదిలింది. మిట్టెన్ మూత వెనక్కి మడిచి, లైనర్ వేలితో షటర్ సగం నొక్కాను. బటన్ ఆగే చోటు వేలికి స్పష్టంగా తెలిసింది. చిరుత బండ చాటుకి వెళ్లేలోపు పద్నాలుగు ఫ్రేములు దక్కాయి.