నకిరేకల్, కొల్లాపూర్: ఫిరాయింపు వెనుక ఓడిన అభ్యర్థి

ఎమ్మెల్యే పార్టీ మారాడనగానే ఎంతకు అమ్ముడుపోయాడన్న ప్రశ్నే మన నోట ముందుగా వస్తుంది. డబ్బు పాత్ర ఉండదని నేను అనను. కానీ మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో జరిగినవాటిని వరుసగా గమనిస్తే, డబ్బు కన్నా ముందు చూడవలసింది అక్కడ అధికార పార్టీ తరఫున ఓడిపోయిన అభ్యర్థినేనని అనిపిస్తుంది.

ప్రతిపక్షం గెలిచిన నియోజకవర్గంలో ఆ ఓడిన అభ్యర్థి ఇన్‌చార్జి పేరుతో చక్రం తిప్పుతుంటాడు. ఎస్‌ఐ బదిలీ కావాలన్నా, సీసీ రోడ్డుకు నిధులు రావాలన్నా, చేసిన పనికి బిల్లు కదలాలన్నా, పథకం లబ్ధిదారుల జాబితాలో పేరు చేరాలన్నా జనం ఆయన గుమ్మమే తొక్కుతారు. గెలిచిన వ్యక్తికి కల్యాణలక్ష్మి చెక్కులు పంచే వేదికపై ఒక కుర్చీ మిగులుతుంది. సర్పంచులు, ఎంపీటీసీలు ఒక్కొక్కరే జారిపోతుంటే, వచ్చే ఎన్నికల నాటికి తన వెంట ఎవరు ఉంటారన్న భయం పట్టుకుంటుంది. ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే చేరుతున్నాను’ అన్న ప్రకటన పుట్టేది అక్కడే. అది పూర్తిగా అబద్ధం కాదు గానీ, అందులో అభివృద్ధి కన్నా పలుకుబడి పాలే ఎక్కువ.

2018 ఎన్నికల్లో కాంగ్రెస్ నుంచి నకిరేకల్‌లో చిరుమర్తి లింగయ్య, కొల్లాపూర్‌లో బీరం హర్షవర్ధన్ రెడ్డి గెలిచారు. ఓడినవారు అధికారంలో ఉన్న టీఆర్ఎస్‌కు చెందిన వేముల వీరేశం, అప్పటి మంత్రి జూపల్లి కృష్ణారావు. 2019లో గెలిచినవారిద్దరూ టీఆర్ఎస్‌లో చేరడంతో రెండు చోట్లా ఒకే పార్టీలో, ఒకే టికెట్టు కోసం ఇద్దరేసి నాయకులు తయారయ్యారు. చివరకు వీరేశం, జూపల్లి 2023లో కాంగ్రెస్ గూటికి చేరి, అదే ప్రత్యర్థులపై గెలిచారు. అంటే ఒక ఫిరాయింపు మరో ఫిరాయింపుకు దారి తీసింది. పోటీలో మనుషులు మారలేదు, కండువాలు అటూ ఇటూ అయ్యాయి.

చట్టం లేక కాదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణ, పార్టీ ఫిరాయించిన సభ్యుడిని అనర్హుడిని చేసే పదో షెడ్యూలును తెచ్చింది. మూడింట ఒక వంతు సభ్యులు చీలిపోతే ఉన్న మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించింది, మూడింట రెండు వంతుల విలీనాన్ని మాత్రం మిగిల్చింది. 2019 జూన్‌లో ఆ లెక్క అచ్చంగా కుదిరింది: నల్లగొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి హుజూర్‌నగర్ ఎమ్మెల్యే పదవిని వదులుకోగానే కాంగ్రెస్ బలం 19 నుంచి 18కి తగ్గింది, అందులో 12 మంది అధికార పార్టీలో విలీనమయ్యారు. లింగయ్య, హర్షవర్ధన్ రెడ్డి ఆ పన్నెండుగురిలోని వారే. ఆ సంఖ్య కుదరనప్పుడు, అనర్హతను తేల్చవలసిన స్పీకర్ వద్ద జరిగే జాప్యమే రక్షణ అవుతుంది. కాంగ్రెస్ వైపు వెళ్లారన్న గద్వాల ఎమ్మెల్యే సహా పదిమంది బీఆర్ఎస్ (పేరు మారిన టీఆర్ఎస్) సభ్యుల అనర్హత పిటిషన్లపై మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

మునుగోడు దారి వేరు. కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022లో పదవికి రాజీనామా చేసి బీజేపీలో చేరారు, ఆ నవంబరు ఉప ఎన్నికలో ఓడిపోయారు, 2023లో తిరిగి కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. ఆ ఉప ఎన్నికకు పెట్టిన ఖర్చును, అక్కడ సాగిన ప్రలోభాలను నేను సమర్థించను. అయినా మునుగోడు ఓటరుకు ఏడాది తిరిగేసరికి రెండుసార్లు తీర్పు చెప్పే అవకాశం దక్కింది. నకిరేకల్, కొల్లాపూర్ ఓటర్లు మాత్రం నాలుగేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చింది.