పెద్దోడు లోపలికి వచ్చిండా?

ఆదివారం, రాత్రి పదిన్నర. వాన పడేటట్టే ఉండి పడలేదు.

పొద్దున చర్చిలో పిల్లల సండే స్కూల్లో యేసు చెప్పిన మంచి సమరయుని కథ చెప్తున్నాను, దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని పరాయి జాతివాడైన సమరయుడు ఆదుకున్న కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు, అంటే గుడి పూజారి, పక్క నుంచి పోయాడు, గుడి పనులు చూసే లేవీయుడూ పోయాడు అన్నదాకా బాగానే సాగింది. అప్పుడు ఐదో తరగతి పిలగాడొకడు చెయ్యెత్తాడు. "అక్కా, ఇది నిజంగ జరిగిందా, యేసు ఉత్తగ చెప్పిండా?"

ఆ "ఉత్తగ" దగ్గర ఇరుక్కుపోయాను. "బైబిల్లో ఉన్నదంతా నిజమే, కూర్చో" అనేశాను. కూర్చున్నాడు గానీ మొహం చూస్తే నమ్మినట్టు లేదు. నా జవాబు నాకే నచ్చలేదు. దేవరకొండ నుంచి ఊరికి ఆటోలో వస్తున్నంతసేపూ అదే కెలికింది.

కథలో ఆ మనిషి పోతున్న యెరూషలేము నుంచి యెరికోకు దారైతే నిజంగా ఉంది. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతలోనే సుమారు 1000 మీటర్ల దిగుడు. అన్నీ కొండలు, జనం లేని మలుపులు. మన దగ్గర చెప్పాలంటే మన్ననూరు దాటాక శ్రీశైలం పోయే ఘాట్ రోడ్డు అనుకోవచ్చు. "ఒకాయన మన్ననూరు దాటి పోతుంటే దొంగలు పడ్డరంట" అంటే మా ఊళ్లో ఎవరూ ఆయన పేరు అడగరు. ఆ దారి తెలుసు కనుక తలూపుతారు. నాయనమ్మ శాత్రం మొదలుపెట్టి "ఒక ఊళ్లె ఒక రాజు ఉండె" అంటే మేం ఏ ఊరని అడిగామా? తప్పిపోయిన కుమారుని కథ మొదట్లో "ఒక మనుష్యునికి ఇద్దరు కుమారులుండిరి" అన్నదీ నా చెవికి అలాగే వినిపిస్తుంది.

లాజరు సంగతే కొంచెం తిరకాసు. బైబిల్లో లూకా సువార్త 16వ అధ్యాయంలో యేసు చెప్పిన ఇంకో కథ, అందులో ధనవంతుడి వాకిట్లో పడి ఉన్న ఆ బిచ్చగాడికి పేరుంది. యేసు చెప్పిన మిగతా ఉపమానాల్లో, అంటే నీతి చెప్పే కథల్లో, అట్లా పేరు పెట్టిన పాత్ర లేదు. అక్కడ "ఉపమానం" అనే మాట కూడా కనపడదు. అందుకే మా చర్చి పెద్దలు కొందరు అది జరిగిందే అంటారు. కానీ లాజరు అంటే "దేవుడు సాయం చేశాడు" అని అర్థం. ఏ మనిషీ పట్టించుకోని బిచ్చగాడికి ఆ పేరు ఊరికే పెట్టారా? నేను కథ వైపే మొగ్గుతాను. ఈ మాట గట్టిగా అంటే నా టీచర్ పని పోయేటట్టుంది, అది వేరే సంగతి.

సాయంత్రం నాయిన వెంట చెల్కకు పోయాను. పత్తిలో పోగుంటలు పెట్టాలి, అంటే మొలవని చోట మళ్లీ గింజలు పెట్టాలి. బండ తేలిన మూలలో మొక్కలన్నీ ఎండిపోయి ఉన్నాయి. "అందరికంటె ముందు మొలిచినయి ఇవే. నాలుగెండలకు మాడిపాయె. కింద జానెడు మన్ను లేదు" అన్నాడు. మత్తయి సువార్త 13లో విత్తువాడి కథ అచ్చంగా ఇదే: కొన్ని గింజలు బాటలో పడ్డాయి, కొన్ని రాతి నేలలో మొలిచి మాడిపోయాయి, మంచి నేలలో పడ్డవి నూరంతల దాకా పండాయి. చెప్పాను.

"బాటల గింజలెందుకు పోసిండు, పిస్సోడా?"

"చేత్తో వెదజల్లితే పడవా నాయినా?"

"అవు, పడ్తయి." కాసేపు గింజలు పెట్టి, "నూరంతలు అంటున్నవు. ఎకరానికి పాతిక కిలోల ఇత్తనం, పాతిక క్వింటాళ్ల వడ్లు. నూరంతలే గద, బోరుల నీళ్లుంటె" అన్నాడు. చర్చికి క్రిస్మస్‌కు తప్ప రాని మనిషి లెక్క కట్టాడు! ఆ కాలపు గోధుమ చేలకు అది చాలా పెద్ద పంటే అయ్యుండాలి.

పిలగాడికి నాతాను ప్రవక్త సంగతి చెప్పాల్సింది. పేదవాడి ఒక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని ఆ ప్రవక్త చెప్తే, దావీదు రాజు నిజంగా జరిగిందనుకుని మండిపడ్డాడు, వాడు చావాల్సిందే అన్నాడు. నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాక గానీ ఆయనకు తెలియలేదు. ఆ గొర్రెపిల్ల ఏ కొట్టంలోనూ లేదు. తన సైనికుడు ఊరియాను చంపించి అతని భార్యను తెచ్చుకున్నది మాత్రం దావీదే. దాన్ని "ఉత్తగ" చెప్పిన కథ అంటారా? వచ్చే వారం వాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టి చెప్తాను.

పొద్దు గూకుతుంటే నాయిన ఉన్నట్టుండి ఆ తప్పిపోయిన కుమారుని గురించే అడిగాడు, ఆస్తిలో వాటా తీసుకుని పోయి, అంతా పోగొట్టుకుని, పందులు కాసి ఇంటికి తిరిగొచ్చిన చిన్నకొడుకు కథ. "పందులు కాసిన పిలగాని కథ ఉండె గద. వాడు ఇంటికొస్తె పెద్దోడు అలిగి బయట నిలవడె. లోపలికి వచ్చిండా మరి?"

"రాయలేదు నాయినా. తండ్రి బయటికొచ్చి బతిమాలుతాడు, అక్కడికే ఆగిపోతుంది."

"రాయకపోవుడేంది?"

మా గట్టుకు అవతల చిన్నాయన అమ్ముకుని పట్నం పోయిన రెండెకరాలు. ఇప్పుడందులో ప్లాట్ల రాళ్లు పాతారు. నాయిన అటు చూడకుండా మిగిలిన పత్తి గింజలు తువ్వాలలో మూట కట్టాడు. ఇంటికొచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు.