మా గుంట కింద ఉన్న ఎకరన్నర

తాతయ్య పోయాక ఇనప్పెట్టె సర్దుతుంటే 1984 నాటి స్టాంపు కాగితం ఒకటి దొరికింది. అడుగున సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర, సిరా ఎక్కువై అలుక్కుపోయింది. ఒక యానాది గిరిజన కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన ఎకరన్నరను తాతయ్య కొని రాయించుకున్న కాగితం అది. ఇప్పుడక్కడ మా రొయ్యల గుంట ఉంది. వేలిముద్ర వేసినాయన కొడుకే ఆ గుంటకు రాత్రి కాపలా. చిన్నప్పట్నించీ నన్ను అబ్బయ్యా అని పిలుస్తాడు.

మా అన్నతో చెబితే "ఎప్పుడో జరిగినదానికి మనమేం చేస్తాంరా, తాతేమీ లాక్కోలేదు, డబ్బిచ్చాడు" అన్నాడు. ఇచ్చాడు, నిజమే. కానీ పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మినా కొన్నా చెల్లదని 1977లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, ఆ భూమిని మళ్లీ వాళ్లకో వారసులకో ఇప్పించొచ్చని కూడా అందులోనే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఇది పాత కథ అనడానికి నాకు నోరు రావడం లేదు, పోయిన పంట డబ్బులు పడింది నా ఖాతాలోనే కదా.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే మేమంతా మేడెక్కి చూస్తాం, నాకూ ఒళ్లు పులకరిస్తుంది. 1971లో మొదటి రాకెట్ లేవకముందు ఆ దీవి అడవిలో తేనె, దుంపలు, మూలికల మీద యానాదులు బతికేవాళ్లు. పట్టాలు లేవు. పట్టా లేనిదంతా మన రెవెన్యూ లెక్కల్లో బంజరు, పోరంబోకు, కాదంటే ఫారెస్టు. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు కూడా అది ఎవరికీ చెందని నేల అనే చెప్పుకున్నారు, ఆ మాట తప్పని అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చేసరికి 1992 వచ్చింది. కేసు వేసిన అక్కడి మూలవాసి ఎడ్డీ మాబో తీర్పుకు కొన్ని నెలల ముందే చనిపోయాడు. రాకెట్ కేంద్రాన్ని తీసేయమని నేననను. దీవి వదిలి వచ్చినవాళ్ల మనవళ్లకు సాగుకు నేల, పేరు మీద పట్టా ఇవ్వడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, ఆ ఖర్చు మన పన్నుల్లోంచే పోవాలి.

మా ఎకరన్నర సంగతైతే ఎవరినీ అడగక్కర్లేదు. ఆదివారం రాత్రి కాగితం తీసుకుని గుంట దగ్గరికి వెళ్లాను. ఆయన టార్చి వేసి చాలాసేపు చూశాడు, "మా నాయనదేనా అబ్బయ్యా" అంటూ ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించాడు. రొయ్యల పట్టుబడి అవగానే నేల అప్పజెబుతానన్నాను. అన్న ఇంకా ఒప్పుకోలేదు, ఒప్పిస్తాను.

"ఇన్నేళ్లు ఉప్పునీళ్లు తాగిన నేల, ఇంక వరి పండదు గదా" అన్నాడాయన.

అందుకే మోటారు, గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు కూడా అక్కడే వదిలేస్తున్నాను.