పీడీఎఫ్ చదవడానికి తేలికైన ప్రోగ్రాము

రోజులో ఎక్కువ భాగం పీడీఎఫ్ ఫైళ్ల మధ్యనే గడిపేవారికి వాటిని తెరిచే ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందన్నది చిన్న విషయం కాదు. ఒక పత్రంలో కనబడిన అంశాన్ని మరో పత్రంలో సరిచూసుకోవాలి, మళ్లీ మొదటిదానికి రావాలి, మధ్యలో వేరొక పుస్తకం చివరనున్న పట్టిక తిరగేయాలి. ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగవలసి వస్తే, అసలు దేనికోసం అక్కడికి వచ్చామో మరిచిపోతాం. అయినా చాలామంది కంప్యూటరుతో పాటు వచ్చినదాన్నో, ఎవరో ఇన్‌స్టాల్ చేసి ఇచ్చినదాన్నో ఏళ్ల తరబడి వాడుతూ, ఆలస్యమైనప్పుడల్లా కంప్యూటరు పాతబడిందని అనుకుంటారు. నేను గమనించినంతవరకు చాలాసార్లు తప్పు కంప్యూటరుది కాదు. ఎడిటింగు, ఎలక్ట్రానిక్ సంతకాలు, క్లౌడ్ నిల్వ, ఖాతా లాగిన్ వంటివన్నీ మోసుకొచ్చే ప్రోగ్రామును కేవలం చదవడానికి వాడటమే ఆ ఆలస్యానికి మూలం.

ఈ మాటను కాస్త వివరంగా చెప్పాలంటే పీడీఎఫ్ ఫైలు లోపల ఎలా ఉంటుందో తెలియాలి. అడోబీ సంస్థ 1993లో విడుదల చేసిన ఈ ఫార్మాట్ 2008లో ఐఎస్ఓ 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫైలులోని పేజీలు, అక్షర రూపాలు, బొమ్మలు అన్నీ విడివిడి వస్తువులుగా ఉంటాయి. ఏ వస్తువు ఫైలులో ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టిక సాధారణంగా ఫైలు చివర ఉంటుంది. అందువల్ల వ్యూయర్, అంటే పత్రాన్ని తెరిచి చూపించే ప్రోగ్రాము, ముందుగా ఫైలు చివరికి వెళ్లి ఆ పట్టికను చదువుతుంది, తర్వాత మనం అడిగిన పేజీకి కావలసిన వస్తువులను మాత్రమే తెచ్చుకుంటుంది. పుస్తకం వెనుక ఉన్న సూచికను చూసి నేరుగా ఆ పుటకు వెళ్లడం వంటిదే ఇది. వెయ్యి పేజీల పుస్తకమైనా మొదటి పేజీ చూపించడానికి మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది పేజీలను చదవవలసిన అవసరం ఏ ప్రోగ్రాముకూ లేదు.

కాబట్టి, మామూలు అక్షరాలున్న పత్రపు మొదటి పేజీ తెర మీదికి రావడానికి ఒక ప్రోగ్రాము చాలా సేపు తీసుకుంటోందంటే, ఆ సమయంలో ఎక్కువ భాగం పత్రానికి కాక తన సొంత సరంజామాకే ఖర్చుపెడుతోందని అర్థం. ప్లగిన్‌లనే అదనపు భాగాలను లోడ్ చేసుకుంటుంది, కొత్త వెర్షన్ వచ్చిందేమో చూస్తుంది, పక్కన ఉపకరణాల పలకను గీస్తుంది. ఇవి కావలసినవారికి ఇవన్నీ విలువైనవే. చదవడానికి కూర్చున్నవారికి మాత్రం వీటితో ఏ పనీ లేదు.

నిజంగా బరువైన పని ఎక్కడ ఉందంటే, స్కాన్ చేసిన పుస్తకాల్లో ఉంది. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2480 అడ్డు, 3508 నిలువు చుక్కలు, అంటే దాదాపు 87 లక్షల పిక్సెళ్లు వస్తాయి. రంగుల పేజీలో ఒక్కో పిక్సెలుకు మూడు బైట్లు పడతాయి కనుక, డిస్కు మీద కొన్ని వందల కిలోబైట్లుగా కుదించి ఉన్న ఆ పేజీ మెమరీలో విప్పేసరికి సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. అదే 600 చుక్కల చొప్పున స్కాన్ చేసినదైతే దానికి నాలుగింతలు. ఇక ఆ బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో కుదించినవైతే విప్పడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఇక్కడే మంచి వ్యూయర్‌కూ సాధారణ వ్యూయర్‌కూ తేడా తెలుస్తుంది. మంచిది మనం ఒక పేజీ చదువుతుండగానే తర్వాతి పేజీని సిద్ధం చేసి ఉంచుతుంది, దాటివచ్చిన పేజీలలో కొన్నింటినే ఉంచుకుని మిగతావాటిని మెమరీ నుంచి తీసేస్తుంది. ఏదీ తీసెయ్యని ప్రోగ్రాములో నాలుగు వందల పేజీల స్కాన్ పుస్తకాన్ని వేగంగా తిప్పుతూ పోతే, పక్కన నడుస్తున్న మిగతా ప్రోగ్రాములు కూడా నెమ్మదించడం మొదలవుతుంది. లక్షల గీతలున్న పటాలు, ఇంజనీరింగ్ డ్రాయింగుల సమస్య వేరు. అక్కడ ప్రతి గీతనూ జూమ్ మార్చినప్పుడల్లా మళ్లీ లెక్కగట్టి గీయవలసి ఉంటుంది కనుక, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

ఈ గీసే పనిని చేసేది ప్రోగ్రాము అడుగున ఉండే ఇంజను. పైకి పేర్లు ఎన్ని కనిపించినా, ఉచితంగా దొరికే వ్యూయర్లలో ఎక్కువ భాగం కొద్దిపాటి ఇంజన్ల మీదే నిలబడి ఉన్నాయి. ఆర్టిఫెక్స్ సంస్థ అభివృద్ధి చేస్తున్న మ్యూపీడీఎఫ్ ఒకటి. 1995 నుంచి ఉన్న ఎక్స్‌పీడీఎఫ్ నుంచి 2005లో విడిపోయి పెరిగిన పాప్లర్ మరొకటి. గూగుల్ 2014లో ఓపెన్ సోర్స్ చేసిన పీడీఎఫియం క్రోమ్ బ్రౌజరులో ఉంది. మొజిల్లా వారి పీడీఎఫ్.జేఎస్ ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. వ్యూయర్‌ను ఎంచుకునేటప్పుడు ఇంజను ఏదో చూడటం నాకు అలవాటు. ఒక పత్రం ఒక ప్రోగ్రాములో తప్పుగా కనబడితే, అదే ఇంజను వాడే మరో ప్రోగ్రాములో తెరిచి చూసినా చాలాసార్లు అదే తప్పు కనబడుతుంది. వేరే ఇంజనుతో తెరిస్తేనే లోపం పత్రంలో ఉందో ప్రోగ్రాములో ఉందో తేలుతుంది.

విండోస్‌లో చదవడానికి ఏది వాడాలని ఎవరైనా అడిగితే నేను సంకోచం లేకుండా సుమత్రా పీడీఎఫ్ పేరు చెబుతాను. 2006లో ఎక్స్‌పీడీఎఫ్ ఆధారంగా మొదలై, తర్వాత పాప్లర్‌కు మారి, చివరకు ప్రధానంగా వేగం కోసం మ్యూపీడీఎఫ్ ఇంజనును ఎంచుకున్న ప్రోగ్రాము ఇది. ఏ దశలోనూ వేగాన్ని వదులుకోకపోవడం దీని చరిత్రలో నాకు నచ్చిన విషయం. ఇన్‌స్టాల్ చేయనక్కరలేని పోర్టబుల్ రూపంలోనూ దొరుకుతుంది, ఆ ఒక్క ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని చాలా విండోస్ కంప్యూటర్లలో నడపవచ్చు. ఐకాన్ మీద నొక్కిన వెంటనే పత్రం తెరుచుకుంటుంది, అదీ నిన్న ఆపిన పేజీ దగ్గరే తెరుచుకుంటుంది. పీడీఎఫ్‌తో పాటు ఈపబ్, మోబీ, డేజావు, సీహెచ్ఎం ఫైళ్లను కూడా చూపిస్తుంది కాబట్టి, స్కాన్ పుస్తకాలు డేజావు రూపంలో దొరికినప్పుడు వేరే ప్రోగ్రాము వెతుక్కోనక్కరలేదు.

నేను ఎక్కువగా మెచ్చుకునే గుణం మరొకటి ఉంది. కొన్ని వ్యూయర్లు తెరిచిన ఫైలును తాళం వేసినట్టు పట్టుకుంటాయి. ఆ పత్రాన్ని మరో ప్రోగ్రాము మళ్లీ తయారుచేసి అదే పేరుతో దాచబోతే, ఫైలు వేరేచోట తెరిచి ఉందన్న సందేశం వస్తుంది. సుమత్రా అలా పట్టుకోదు, ఫైలు మారిన సంగతిని తానే గమనించి అదే పేజీలో కొత్త రూపాన్ని చూపిస్తుంది. మూలపాఠాన్ని కంపైల్ చేసి పీడీఎఫ్ తయారుచేసే లేటెక్‌లో పత్రాలు రాసేవారికి ఇది ఎంత సుఖమో వాడినవారికే తెలుస్తుంది. ఎడమవైపు మూలపాఠంలో ఒక వాక్యం దిద్ది కంపైల్ చేయగానే కుడివైపు పేజీ మారిపోతుంది, పేజీలో ఒకచోట రెండుసార్లు క్లిక్ చేస్తే ఎడిటరులో ఆ వరుసకే తీసుకువెళ్లేలా కూడా అమర్చుకోవచ్చు. సెట్టింగులన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటాయి, కళ్లకు తెల్లని తెర ఇబ్బందిగా ఉంటే అందులోనే నేపథ్యం రంగును, అక్షరాల రంగును మార్చుకోవచ్చు.

లినక్స్‌లో ఎంపిక మరింత విశాలం. గ్నోమ్ డెస్క్‌టాప్ కోసం రూపొందిన ఎవిన్స్ నిరాడంబరంగా ఉండి సాధారణ అవసరాలన్నీ తీరుస్తుంది. కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ వారి ఆక్యులార్ దానికంటే పెద్దది, కానీ వ్యాఖ్యలు రాసుకోవడం, ఫారాలు నింపడం, డిజిటల్ సంతకాలను సరిచూడటం వంటివి చేస్తూనే వనరులను పొదుపుగా వాడుతుంది. 2022లో జర్మనీ పర్యావరణ ముద్ర బ్లూ ఏంజెల్‌ను పొందిన మొట్టమొదటి సాఫ్ట్‌వేర్ ఇదే. ఆ ముద్ర ఇవ్వడానికి విద్యుత్తు ఎంత వాడుతుందో, పాత యంత్రాల మీద నడుస్తుందో లేదో కూడా చూస్తారు కాబట్టి, ప్రోగ్రాము తేలికగా ఉండటం వాడేవారి సౌకర్యానికే పరిమితమైన విషయం కాదని అక్కడ లాంఛనంగా గుర్తించినట్టయింది. మౌసు ముట్టకుండా చదవాలనుకునేవారికి జథూరా ఉంది. జె, కె అక్షరాలతో కిందికీ పైకీ కదలడం, ఏటవాలు గీత నొక్కి వెతకడం, ట్యాబ్ నొక్కి విషయసూచిక తెరవడం అలవాటైతే చెయ్యి కీబోర్డు మీదనుంచి కదలదు. అయితే దీనికి పీడీఎఫ్ చదివే భాగం ప్లగిన్ రూపంలో వస్తుంది, పాప్లర్‌దో మ్యూపీడీఎఫ్‌దో ఒకటి ఉంటేనే పత్రం తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసిన కొత్తలో ఏమీ తెరుచుకోవడం లేదని కంగారుపడేవారికి సాధారణంగా లోపించేది అదే.

మ్యాక్‌లో ముందుగానే ఉన్న ప్రివ్యూ చాలామందికి సరిపోతుంది, పరిశోధన పత్రాలు చదువుతూ గమనికలు రాసుకునేవారు స్కిమ్‌ను కూడా చూడవచ్చు. బ్రౌజరులోనే పీడీఎఫ్ చదవడం గురించి నా అభిప్రాయం మధ్యస్థంగా ఉంటుంది. ఒకసారి చూసి మూసేసే పత్రానికి అంతకంటే అనువైనది లేదు. వందల పేజీల పుస్తకాన్ని మాత్రం ఇరవై ట్యాబుల మధ్య పెట్టుకుని చదవడం, పొరపాటున దాన్ని మూసెయ్యడం, మళ్లీ వెతకడం నాకు నచ్చదు.

తేలికైన ప్రోగ్రాముల పరిమితులను దాచిపెట్టడం న్యాయం కాదు. పెద్ద ప్రోగ్రాములు చేసేవన్నీ ఇవి చేయవు, చేయకపోవడం వల్లనే తేలికగా ఉన్నాయి. ఫారాలు నింపడానికి సుమత్రాను ఎంచుకోకూడదు. ఎక్స్ఎఫ్ఏ అనే పద్ధతిలో తయారైన ఫారాలైతే చాలా వ్యూయర్లలో కాసేపు వేచి ఉండమన్న సందేశం ఒక్కటే కనిపిస్తుంది, ఎంతసేపు వేచినా ఫారం రాదు, ఎందుకంటే ఆ సందేశమే ఆ ఫైలులో ఉన్న మామూలు పేజీ. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0 ప్రమాణం ఈ పద్ధతిని పక్కన పెట్టినా, పాత ఫారాలు ఇంకా చలామణిలో ఉన్నాయి. అందుకే ఒకే ప్రోగ్రాముతో అన్ని పనులూ చేయించుకోవాలన్న పట్టుదల వదిలేసి, రెండు పెట్టుకోవడమే మంచిదని నా నమ్మకం. చదవడానికి తేలికైనదాన్ని డీఫాల్టుగా ఉంచి, ఫారాలు నింపడానికీ సంతకాలకూ పెద్దదాన్ని అవసరమైనప్పుడు మాత్రమే తెరవాలి. కుడి క్లిక్ చేసి ఏ ప్రోగ్రాముతో తెరవాలో ఎంచుకోవడానికి పట్టే శ్రమ చాలా తక్కువ.

తెలుగు పత్రాల విషయంలో వ్యూయర్ మీద తరచుగా పడే ఒక అపవాదును ఇక్కడే తొలగించాలి. తెలుగు పీడీఎఫ్‌లో వెతికితే దొరకడం లేదనీ, కాపీ చేస్తే అక్షరాలు చెల్లాచెదురవుతున్నాయనీ చాలామంది వ్యూయర్‌ను మారుస్తుంటారు. ప్రతి అక్షరానికీ ప్రత్యేక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతిని పాటించని పాత ఫాంటుతో తయారైన పత్రంలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, కాపీ చేస్తే ఆ ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. యూనికోడ్ పత్రంలో సైతం, ఉదాహరణకు ‘కై’ అన్న అక్షరం పేజీ మీద పైన ఒక ఆకారం, కింద మరొక ఆకారంగా గీయబడుతుంది. ఆ ఆకారాలు ఏ అక్షరాలకు చెందినవో తెలిపే పట్టికను పత్రం తయారుచేసిన ప్రోగ్రాము సరిగ్గా రాయకపోతే, దాన్ని ఏ వ్యూయర్ కూడా పూర్తిగా సరిదిద్దలేదు. ఒక పత్రం వేర్వేరు ఇంజన్లున్న రెండు వ్యూయర్లలోనూ అలాగే ప్రవర్తిస్తే, వ్యూయర్ కోసం వెతుకులాట అక్కడితో ఆపేయవచ్చు.

ఎవరి సిఫారసునైనా, నా సిఫారసుతో సహా, సొంత ఫైళ్లతో పరీక్షించి చూసుకున్నాకే నమ్మాలి. మీ దగ్గరున్నవాటిలో అన్నింటికంటే ఇబ్బంది పెట్టే పత్రాలను తీసుకోండి, ఒకటి పొడవైన పుస్తకం, ఒకటి స్కాన్ చేసినది, ఒకటి గీతలతో నిండిన పటం ఉంటే మంచిది. తెరిచాక నేరుగా చివరి పేజీకి వెళ్లండి, పేజ్ డౌన్ మీటను నొక్కి పట్టుకుని పేజీలు ఖాళీగా తెల్లగా మెరుస్తున్నాయా, నిండుగా కనబడుతున్నాయా చూడండి. పుస్తకం మొత్తంలో ఒక్కసారే వచ్చే మాటను వెతకండి. పటాన్ని నాలుగు వందల శాతానికి పెంచి పక్కకు జరపండి. ఇదంతా చేస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత పెరిగిందో, ఫైలు మూసేశాక ఎంత తగ్గిందో గమనించండి. ఇన్‌స్టాలర్ ఎన్ని మెగాబైట్లు ఉందన్నది వీటి ముందు లెక్కలోకి రాదు.

భద్రత గురించి కూడా ఒక మాట. పీడీఎఫ్‌లో జావాస్క్రిప్ట్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాము ఉండవచ్చు, దాన్ని నడపని వ్యూయర్‌కు ఆ దారిలో వచ్చే ప్రమాదం ఉండదు. అంతమాత్రాన తేలికైన ప్రోగ్రాములన్నీ సురక్షితమని కాదు. మ్యూపీడీఎఫ్, పాప్లర్ వంటివి సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసినవి. పాడైపోయిన ఫైలునో, దురుద్దేశంతో తయారుచేసిన ఫైలునో తెరిచినప్పుడు మెమరీ లోపాలు బయటపడే అవకాశం వాటికీ ఉంటుంది, వాటిని కొత్త వెర్షన్లలో సరిచేస్తుంటారు. లినక్స్‌లో మిగతా ప్యాకేజీలతో పాటు ఇవి కూడా తాజా అవుతాయి. విండోస్‌లో పెన్‌డ్రైవ్ మీద పెట్టుకున్న పోర్టబుల్ కాపీని మాత్రం మనమే గుర్తుంచుకుని, ఆ ప్రోగ్రాము అధికారిక వెబ్‌సైట్ నుంచే కొత్త వెర్షన్ తెచ్చి మార్చుకోవాలి. డౌన్‌లోడ్ సైట్లలో అదే పేరుతో కనిపించే ఇన్‌స్టాలర్లలో అడగని ప్రోగ్రాములు కలిసి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటి జోలికి పోకూడదు.