కాశీ తిరుగు ప్రయాణంలో ఆఖరి ఐదు వందల కిలోమీటర్లు

మాఘమాసం. కాశీ నుంచి బయల్దేరి మూడో రోజు. రీవా, జబల్‌పూర్, సివనీ దాటి నిన్న రాత్రికి నాగపూర్. ఇక మిగిలింది హైదరాబాదు దాకా దాదాపు 500 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి, పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డే.

ఈ రోజు లెక్క ఇంటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకోవాలి. వెలుతురుండగా గుమ్మం ఎక్కాలంటే పావు తక్కువ నాలుగుకి మేడ్చల్‌లో ఉండాలి. ఆ తర్వాత సుచిత్ర వైపు వెళ్లినా, కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా సాయంత్రపు రద్దీ తప్పదు. అంటే కామారెడ్డికి రెండుంబావు, ఆర్మూరుకి పన్నెండుంబావు, నిర్మల్‌కి పదకొండున్నర, ఆదిలాబాదుకి తొమ్మిదిన్నర. అలా చూస్తే నాగపూర్‌లో ఆరింటికి కదిలితే చాలు. "నాలుగింటికే లేచి పోదాం, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాం" అన్న మాట వినకూడదు. ఈ నెలలో ఆరున్నర కావస్తేగాని తెల్లారదు. ఆ చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ పక్కకొచ్చేదాకా కనపడదు, పైగా అది కన్ను మూతపడే వేళ.

బండి కదలకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. నిండు బరువుకి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కరు చెబుతుంది. గంటసేపు నడిచాక చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది వేడికి పెరిగిందే తప్ప ఎక్కువ కొట్టింది కాదు. అప్పుడు గాలి తీసేస్తే చల్లారాక టైరు మెత్తబడి, అంచులు వేడెక్కి, అక్కడే చిరుగుతుంది. స్టెప్నీ కూడా చూడాలి. తిరుగు ప్రయాణంలో అది ఎప్పుడూ పన్నెండు రోజుల మాసిన బట్టల కింద ఉంటుంది. అందుకే ఆ బట్టలన్నీ ఒక్క మూటగా కట్టి డిక్కీలో చివరగా పెట్టాలి. పంచరైతే ఒక చేత్తో తీసి పక్కన పెట్టొచ్చు, ఇంటికెళ్లాక ముందు దిగేదీ అదే. నాగపూర్ కమలాల సంచి దాని పైన. అడుగున పెడితే సగం రసమైపోతాయి.

గంగ చెంబులది వేరే జాగ్రత్త. సీలు వేసిన రాగి చెంబే అయినా కుదుపులకి అతుకు దగ్గర చెమ్మ కారుతుంది. తువ్వాలు చుట్టి, ప్లాస్టిక్ బకెట్లో నిలువుగా, కదలకుండా దించాలి. కాళ్ల దగ్గర పెట్టడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. వెనక అద్దం కింద అరుగు మీద పెడదామంటే, గట్టి బ్రేకు పడితే అది ఎగిరొచ్చి తలకి తగులుతుంది. డిక్కీలో బకెట్టే సరైన చోటు.

దారి పొడుగునా ముఖం దక్షిణానికే. పొద్దున ఎండ ఎడమ వైపు, మధ్యాహ్నం దాటాక కుడి వైపు, అంటే నడిపేవాళ్ల చెంప మీదా మోచేతి మీదా. ఎండకి తలనొప్పి వచ్చే పెద్దవాళ్లని పొద్దున కుడి కిటికీ దగ్గర, భోజనమయ్యాక ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టాలి.

హింగణ్‌ఘాట్, పాంఢర్‌కవడా. పత్తి సీమ. లారీకి రెండు పక్కలా పొంగిన పత్తి మూటలు అద్దాల్ని కప్పేస్తాయి, వెనక ఏముందో ఆ డ్రైవరుకి కనపడదు. హారను కొట్టి, అతను కాస్త జరిగాకే దాటాలి. పెన్‌గంగ వంతెన దాటితే తెలంగాణ. ఫాస్టాగ్‌లో డబ్బు నిన్న రాత్రే వేసి ఉంచాలి. పిప్పల్‌వాడ, రోల్‌మామడ, గంజాల్, ఇందల్వాయి, భిక్కనూరు అంటూ టోల్‌గేట్లు వరసగా వస్తాయి.

ఆదిలాబాదులో ఇడ్లీ. ఇన్ని రోజుల పూరీ కూరల తర్వాత అల్లం చట్నీ నాలిక్కి తగలగానే బండిలో మాటలు పెరుగుతాయి. ఇక్కడ పెద్దవాళ్ల చేత నీళ్లు తాగించాలి. దారిలో బాత్రూంకి ఇబ్బందని ఆడవాళ్లు పొద్దుట్నుంచి నోరు కట్టుకుంటారు. సాయంత్రానికి తలనొప్పి, మూత్రంలో మంట. కాళ్ల వాపు కూర్చుని కూర్చుని వచ్చేది. శుభ్రమైన బాత్రూం ఉన్న పెట్రోలు బంకు కనపడితే అవసరం లేకపోయినా ఆపాలి. రెండు గంటలకోసారి దిగి ఐదు నిమిషాలు నడిపించాలి.

నేరడిగొండ దగ్గర "కుంటాల జలపాతం పక్కనే కదా" అని, నిర్మల్‌లో "బాసర చూసుకుని పోదాం" అని మాట వస్తుంది. బాసరకి భైంసా మీదుగా చుట్టు తిరగాలి. ఆ రెండుమూడు గంటలూ చీకట్లోకి తోస్తాయి. అమ్మవారిని మరో నెలలో తీరిగ్గా దర్శించుకోవచ్చు. నిర్మల్ కొయ్యబొమ్మలకి పావుగంట ఇవ్వొచ్చు. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద మాత్రం బండి ఆపకూడదు. దణ్ణం నడుస్తున్న బండిలోంచే.

ఆర్మూరు దగ్గర పసుపు తవ్వకాల రోజులివి. భోజనం ఇక్కడే, కడుపు నిండా కాకుండా. కాశీలో కాయా పండూ వదిలేసిన పెద్దవాళ్లుంటే కలగూరలో ఏమేం వేశారో వడ్డించకముందే అడగాలి. తిన్నాక, నడిపేవాళ్లు కాఫీ తాగి వెంటనే సీటు వాల్చి ఇరవై నిమిషాలు కన్ను మూయాలి. లేచే వేళకి కాఫీ పనిచేస్తుంది. ఏసీ పెంచడం, పాటలు పెట్టడం నిద్రని ఆపవు. ఇప్పుడు దాటిన ఊరి బోర్డు గుర్తు రాకపోతే అప్పటికే రెప్ప పడిందన్నమాట. స్టీరింగు మార్చుకోవాలి. కామారెడ్డి నుంచి మేడ్చల్ దాకా 85 కిలోమీటర్లు, ఊళ్లన్నీ తెలిసినవే. మనసు ముందే ఇంటికి చేరుతుంది, కాలు దాని వెంట నొక్కుతుంది. ఈ రోజు మొత్తంలో నాకు భయమున్నది ఈ ముక్కే. ఇక్కడ 80 దాటకుండా నడిపితే పోయేది పావుగంట. దారిలో బండి ఆగిపోతే జాతీయ రహదారుల సాయం నంబరు 1033కి ఫోను చేసి, అందరినీ దించి రోడ్డు కంచె అవతల నిలబెట్టాలి.

ఇంటి సందు మొదట్లోనే పాల పాకెట్లు రెండు, పెరుగు పాకెట్టు ఒకటి కొనాలి. తలుపు తీయగానే లైటు వేయకుండా ముందు కిటికీలు. గ్యాసు వాసన లేదని తెలిశాకే స్విచ్చి. బాత్రూంలో మురుగు వాసన వస్తే కంగారక్కర్లేదు. వాడక లేక తూము కింది వంపులో నీళ్లు ఎండిపోయుంటాయి, ప్రతి తూములో ఒక చెంబు నీళ్లు పోస్తే ఆగుతుంది. కుళాయిలు రెండు నిమిషాలు వదిలేయాలి. ఫ్రిజ్జు ఇప్పుడు వేస్తే చల్లబడేది రాత్రికి.

గంగ చెంబులు దేవుడి మందిరంలో. సమారాధన రోజు కుదిరేదాకా సీలు కదపరు. కాశీ అన్నపూర్ణమ్మ చిన్న గిన్నెలో బియ్యం మీద. కాశీ దారాలు ఎవరెవరికో లెక్క రేపు.

రాత్రికి చారు, అప్పడాలు. పెరుగు పాకెట్టులో ఒక్క చెంచా మిగల్చాలి, లేకపోతే ఈ పాలకి తోడు లేదు.