గ్రానైట్ క్వారీకి బయటి రాష్ట్రం ఆపరేటర్లను తెచ్చుకున్నం: కాగితాలు, ఖర్చులు, నా అనుభవం

నేను ఒక గ్రానైట్ క్వారీల పని చేస్త, పేరుకు సూపర్‌వైజర్ గాని అటెండెన్స్, జీతాలు, లేబర్ కాగితాలు, పర్మిట్లు, డీజిల్ లెక్క అన్నీ నా నెత్తి మీదనే. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ రోడ్డు వైపు. ఈ మధ్య తెలిసిన క్వారీలోళ్లు ఫోన్ చేసి మీరు బయటోళ్లను పెట్టుకున్నరు కదా, ఎంత పడుతది, ఏమేం గావాలె, మనోళ్లతోటి నడవదా అని అడుగుతున్నరు. ఒక్కొక్కరికి ఫోన్‌ల చెప్పుడు అయితలేదు, అందుకే కూసొని రాస్తున్న, జర పొడుగే ఉంటది.

ముందు అసలు ఎందుకు అవసరం పడ్డదో చెప్త. మాకు పాత పద్ధతి ఉండె, జాక్ హామర్‌తోటి వరుసగా బొక్కలు కొట్టి కొంచెం పేలుడు మందు పెట్టి బ్లాక్‌ను విడగొట్టుడు. దాంట్ల ఏమయితదంటే రాయికి వెంట్రుకంత పగులు పడుతది, మనకు కనపడదు గాని కొనేటోడు వచ్చి రాయి మీద నీళ్లు పోస్తడు, అంతా ఆరినంక పగులు ఉన్నకాడ మాత్రం తడి గీత నిలుస్తది, ఇగ అక్కడి నుంచి కొలత కొట్టేస్తడు. పెద్ద బ్లాక్ అని తీసింది సగం అయితది, మిగిలింది గుట్ట పక్కన వేస్ట్ కుప్పల పడుతది. అందుకని 2023ల మా ఓనర్ డైమండ్ వైర్ సా మిషిన్ కొన్నడు, అంటే డైమండ్ పూసలున్న తీగను తిప్పి రాయిని కోసే మిషిన్.

మిషిన్ కొనుడు అల్కనే, నడుపుడే కష్టం. పైనుంచి నిలువు బొక్క ఒకటి, ముందల నుంచి అడ్డం బొక్క ఒకటి కొట్టాలె, రెండూ రాయి లోపల కలవాలె, జరంత వంకర పోయినా కలవయి, మళ్ల కొట్టాలె. కలిసినంక వైర్‌ను దాంట్లకెల్లి తీసి లూప్ చేసి జాయింట్ ప్రెస్ చేస్తరు. జాయింట్ చేసే ముందల వైర్‌ను మీటర్‌కు ఇన్ని చుట్లు అని మెలి తిప్పాలె, తిప్పకుంటే పూసలు ఒక్క దిక్కే అరిగి వైర్ పనికిరాకుండ పోతది. గ్రానైట్ వైర్‌కు మీటర్‌కు 40 దాకా డైమండ్ పూసలు ఉంటయ్, దాని ధర తెలిసినోళ్లకు తెలుసు. ఇగ నడిచేటప్పుడు యాంప్ మీటర్ మీద కన్ను, నీళ్ల మీద కన్ను, చప్పుడు మీద చెవి. కంపెనీ మనిషి వచ్చి కొన్ని రోజులు చూపించి పోయిండు, మా పోరగాళ్లు నేర్చుకున్నమనే అన్నరు, ఆయన పోయినంక మొదటి వైర్ ఎన్నడు ఖతమైందో కూడ తెల్వదు. అప్పుడు ఓనర్ అన్నడు, ఇది మనతోటి కాదు, పని తెలిసినోళ్లను తీస్కరా అని.

వెతికితే తమిళనాడుల కృష్ణగిరి వైపు ఒక మేస్త్రీ దొరికిండు. అటుదిక్కు గ్రానైట్ పని ఎప్పటి నుంచో ఉంది, పైగా ఆయనది ఇంట్ల తెలుగే, మాట ఇబ్బంది లేదు. ఆపరేటర్లు ఆయన మనుషులు, డ్రిల్లింగ్‌కు మాత్రం జార్ఖండ్ వాళ్లను తెస్తనన్నడు. రేటు విని ఓనర్ కుర్చీల నుంచి లేసిండు, మా లోకల్ హెల్పర్ జీతానికి రెండింతలు దాటింది, పైనుంచి అడ్వాన్స్. అడ్వాన్స్ సంగతి మాకు కొత్తేం కాదు, మా మేనమామ వాళ్లు అచ్చంపేట దిక్కు, చిన్నప్పటి నుంచి చూసిన, గుంపు మేస్త్రీ వచ్చి ఇంటికి పైసలు ఇచ్చి డ్యాముల పనికి తోలుకపోయేటోడు, పాలమూరు లేబర్ అంటే దేశంల తెల్వనోళ్లు లేరు. ఇప్పుడు నేను టేబుల్‌కు అటుపక్క కూసున్న, మేస్త్రీతోటి బేరం ఆడుతున్న, మా మామకు చెప్తే నవ్విండు.

ఇగ కాగితాలు. ఇది చాలామందికి తెల్వదు, చట్టం లెక్కల క్వారీ గూడ గనే, గనులు లేబర్ విషయంల కేంద్రం పరిధి. జిల్లాల ఉన్న రాష్ట్ర లేబర్ ఆఫీసుల పని కాదు, సెంట్రల్ లేబర్ కమిషనర్ కింద ఉండే ఆఫీసుకు, అంటే హైదరాబాద్‌కు పోవాలె. కనీస వేతనం గూడ కేంద్రం రేటే, దాంట్ల వీడీఏ, అంటే ధరలను బట్టి మారే కరువు భత్యం, ఏప్రిల్ 1కి ఒకసారి, అక్టోబర్ 1కి ఒకసారి మారుతది. మేం చేసినప్పుడు 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉండె. మేస్త్రీ ద్వారా తెచ్చిన బయటి రాష్ట్రం వాళ్లు ఐదుగురు అయితే చాలు, మేం రిజిస్ట్రేషన్ చేసుకోవాలె, మేస్త్రీ లైసెన్స్ తీసుకోవాలె. మేస్త్రీ ఏమో లైసెన్సా, నాకెందుకన్నా అన్నడు, లైసెన్స్ లేకుంటే గేట్ లోపలికి రానియ్యనని ఓనర్ ముందలనే చెప్పిన.

ఆ చట్టంల ఖర్చులు చూసి నేనే బిత్తరపోయిన. మనిషి వచ్చినప్పుడు నెల జీతంల సగం డిస్‌ప్లేస్‌మెంట్ అలవెన్స్, అంటే ఊరు విడిచి వచ్చినందుకు పైసలు, ఇయ్యాలె, అది జీతంల కట్ చేసేది కాదు, తిరిగి అడిగేది కాదు. రానుపోను చార్జీ, ప్రయాణం చేసిన రోజులకు జీతం. ఫొటో పెట్టి పాస్‌బుక్. ఉండనీకి రూమ్, మందులు, పనికి బట్టలు. అదే పని చేసే లోకల్ మనిషి కంటే తక్కువ జీతం ఇయ్యొద్దు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినయ్, ఈ పాత చట్టం దాంట్ల కలిసిపోయింది, ఐదుగురు పోయి పదిమంది అయ్యింది. అందుకే ఇప్పుడు మొదలుపెట్టేటోళ్లు నేను చెప్పిన లెక్కనే పట్టుకోకండి, కొత్త రూల్స్ చూసుకొని చేయండి.

పీఎఫ్ దగ్గర నిజంగ చుక్కలు కనపడ్డయ్. తమిళనాడు ఆపరేటర్‌కు ఆధార్‌ల తండ్రి పేరు పూర్తిగ ఉంది, పాత యూఏఎన్‌ల, అంటే పీఎఫ్ నంబర్‌ల, ఒట్టి ఇనీషియల్ ఉంది, రెండూ కలవవు. ఒకాయనకు రెండు యూఏఎన్‌లు ఉన్నయ్, పాత కంపెనీ ఏదో ఆయనకే యాది లేదు. సరిచేసేదాకా పైసలు కట్టినా ఆయన ఖాతాల పడవు, నా జీతంల కట్ చేస్తున్నరు గాని ఎక్కడ పడ్తున్నయ్ అని రోజూ నన్నే అడుగుడు. ఇంకోటి, మేం చేసినప్పుడు గనులకు ఈఎస్ఐ, అంటే కార్మికుల సర్కారు బీమా, లేకుండె. పాత ఈఎస్ఐ చట్టంలనే ఫ్యాక్టరీ అనే మాట కింద గని రాకపోయేది. కాబట్టి దెబ్బ తగిలితే ఈఎస్ఐ దవాఖానాకు పోతం అనే ముచ్చటే లేకుండె, పనిల దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ వేరే తీసుకోవాల్సి వచ్చింది. ఈ పాలసీ లేకుండ మనుషులను దింపుతున్న క్వారీలు ఉన్నయ్, నేనైతే దింప.

మెడికల్ గురించి కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే నా మనసుల మిగిలిపోయింది అదే. అప్పటి గనుల రూల్స్‌ల, గనిల పెట్టుకునే ముందల మెడికల్ చేయించి ఫామ్ ఓ, అంటే పనికి ఫిట్ అని డాక్టర్ ఇచ్చే కాగితం, తీసుకోవాలె, తర్వాత ఐదేండ్లకోసారి మళ్ల అని ఉండె. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష ఉంటయ్. జార్ఖండ్ నుంచి వచ్చిన డ్రిల్లర్లల్ల ఒకాయన, మంచి పనోడు, బొక్క కొడితే గీత గీసినట్టు పోతదని మేస్త్రీ ముందే చెప్పిండు. ఎక్స్‌రేల మచ్చలు కనపడ్డయ్. డాక్టర్ ఇది దుమ్ముదే అనిపిస్తుంది, పెద్ద దవాఖానాల చూపించాలె, డ్రిల్లింగ్ మీద పెట్టొద్దు అన్నడు. సిలికోసిస్, అంటే రాతి దుమ్ముతోటి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, చట్టం కింద నోటిఫైడ్ వ్యాధి, సర్కారుకు చెప్పాల్సిందే, దాచేది కాదు. కానీ ఆ దుమ్ము ఎక్కడిది? ఆయన ఇంతకుముందు క్రషర్ల మీద, రోడ్డు పనుల మీద, ఎన్నో రాష్ట్రాలల్ల చేసిండు, ఏ ఒక్క ఓనర్ దగ్గర పెద్దగ లేడు. ఎవలను పట్టుకొని అడగాలె? ఊకె టెంపరరీ, టెంపరరీ అంటం గాని, మనిషి ఆరు నెలలు మన దగ్గర ఉండి పోతడు, ఊపిరితిత్తుల పడ్డ దుమ్ము పోదు, అది పదేండ్లకు ఇంకో ఊర్ల బయటపడుతది, అప్పుడు ఖర్చు పెట్టేది ఆ ఇల్లు. మేం ఆయనకు చార్జీ, కొంత పైసలు ఇచ్చి పంపినం, ఎక్స్‌రే కాపీ చేతిల పెట్టి ఇది ఎక్కడ పనికి పోయినా చూపియ్యి అన్న. ఆయన హిందీల అన్నడు, చూపిస్తే పని ఎవడిస్తడు సార్ అని. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి డ్రిల్లింగ్‌కు నీళ్లు లేకుండ మొదలుపెట్టనియ్య. వైర్ సా ఎట్లనో నీళ్లతోటే నడుస్తది, పొడి దుమ్ము తక్కువ, మిషిన్‌తోటి వచ్చిన లాభాలల్ల దీన్ని ఎవలూ లెక్కపెట్టరు.

నీళ్లంటే యాదికొచ్చింది. మా దిక్కు ఫ్లోరైడ్ ముచ్చట అందరికీ తెలుసు, మర్రిగూడ, మునుగోడు పేర్లు చెప్తే చాలు. ఆ ఫ్లోరైడ్ వచ్చేది గూడ ఈ గ్రానైట్ రాళ్లల్ల ఉండే ఖనిజాల నుంచే. ఊర్లకు మిషన్ భగీరథ నీళ్లు వచ్చినయ్ గాని మా క్వారీ గుట్ట మీద ఉంది, పైప్ లేదు. బోరు నీళ్లు మిషిన్‌కు సరే, మనుషులకు మాత్రం క్యాన్లు తెప్పిస్తం. ఎండకాలం ఎన్ని క్యాన్లు తాగుతరో రేటు మాట్లాడేటప్పుడు ఎవలమూ అనుకోలె. రేకుల షెడ్డుల పండలేమన్నరు, మీద గడ్డి కప్పించి కూలర్లు పెట్టినం, కరెంట్ బిల్లు మాదే.

పని టైమ్ మీద రోజూ పంచాదే. వాళ్లు వచ్చిందే నాలుగు పైసలు సంపాదించుకొని పోనీకి, పన్నెండు గంటలు చేస్తం, ఓటీ (ఓవర్‌టైమ్) వేయండి అంటరు. అప్పటి గనుల చట్టంల భూమి పైన చేసే పనికి రోజుకు 9 గంటలు, వారానికి 48, ఓటీ కలుపుకొని గూడ రోజుకు 10 దాటొద్దు, ఓటీకి డబుల్ రేటు అని ఉండె. సాయంత్రం అయితే కండ్లు మసకబడతయ్, వైర్ తెగేది అప్పుడే. ఒకసారి తెగింది, పూసలు తుపాకి గుండ్ల లెక్క ఎగిరి పొక్లెయిన్ క్యాబిన్ రేకుకు చిల్లు పడ్డది. వైర్ తిరిగే లైన్‌ల ఎవలూ నిలబడొద్దని మా ఆపరేటర్ మొదటి రోజే సున్నంతోటి గీత గీసిండు, ఆ గీత వల్ల ఎవలికీ ఏం కాలె. అంతకుముందు మా పోరగాళ్లు అదే లైన్‌ల కూసొని టిఫిన్ డబ్బా విప్పేటోళ్లు. పనోడికి ఇచ్చే జీతంల ఈ గీతకు గూడ కొంత ఉందనుకోవాలె.

లాభం వచ్చిందా అంటే వచ్చింది. బ్లాక్‌లు చదరంగ, పెద్దగ వస్తున్నయ్, కొలత కట్ చేసుడు మస్తు తగ్గింది, వైర్ గూడ ఇంతకుముందు కంటే ఎక్కువ కోస్తుంది. కానీ నష్టం ఎక్కడుందంటే పని ఆగిన రోజులల్ల. పొంగల్‌కు వాళ్లు పోతే సంక్రాంతి అయిపోయినంక గూడ చాలాదాకా రారు, జార్ఖండ్ వాళ్లకు హోలీ, ఛఠ్. 2024ల ఎంపీ ఎలక్షన్లకు తమిళనాడుల ఏప్రిల్ 19న పోలింగ్, వీళ్లు పోయి వచ్చిన్రు, మాకు మే 13, జార్ఖండ్‌ల ఆ రోజు నుంచి మొదలై జూన్ దాకా విడతలు, డ్రిల్లర్లు అప్పుడు పోయిన్రు. ఒక గుంపు ఉంటే ఇంకో గుంపు లేదు, మిషిన్ మీద పట్ట కప్పి పెట్టినం, లోన్ కిస్తు మాత్రం ఆగదు కదా.

తర్వాత 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలింది. ఎనిమిది మంది చిక్కుకున్నరు, అందరూ బయటి రాష్ట్రాలోళ్లే, దాంట్ల నలుగురు జార్ఖండ్ వాళ్లు. శ్రీశైలం నీళ్లు మా నల్లగొండకు తెచ్చేందుకు తవ్వుతున్న సొరంగం అది. మా డ్రిల్లర్ల ఇండ్ల నుంచి ఒకటే ఫోన్లు, మీరు తెలంగాణల గుట్టల్ల పని చేస్తున్నరు కదా అని ఏడుపులు, మాది సొరంగం కాదు పైన పని అంటే ఇంటోళ్లు నమ్మరు. వీడియో కాల్ చేయించి క్వారీ అంతా తిప్పి చూపించిన. అయినా ఇద్దరు పోయిన్రు, పోతమంటే ఆపలే, లెక్క కట్టి ఇచ్చి పంపిన.

ఇగ లోకల్ వాళ్ల సంగతి. ఊర్ల మాటలు వచ్చినయ్, మన గుట్ట, మన దుమ్ము, పని మాత్రం బయటోళ్లకా అని. తప్పు మాట కాదు. నేను ఓనర్‌తోటి కొట్లాడి అగ్రిమెంట్‌ల ఒకటి రాయించిన, ప్రతి ఆపరేటర్ కింద ఒక లోకల్ పిల్లగాడు ఉండాలె, ఆ పిల్లగాడు సొంతంగ లూప్ కట్టి జాయింట్ చేసి కోత పూర్తి చేసిన రోజు ఆపరేటర్‌కు బోనస్. బోనస్ రాయకముందు చుట్లు తిప్పేటప్పుడు ఆపరేటర్ మా పిల్లగాళ్లను నీళ్లు తేపో, డీజిల్ తేపో అని పంపేటోడు, ఆయనకూ భయం ఉంటది, నేర్పిస్తే ఆయన పని పోతది. పైసలు రాసినంక దగ్గర కూసోబెట్టుకొని నేర్పిండు. నల్లగొండల ఐటీఐ ఫిట్టర్ చదివిన పిల్లగాడు మంచిగ పట్టుకున్నడు. పట్టుకొని ఏం చేసిండు, ఆంధ్రల చీమకుర్తి గ్రానైట్ క్వారీలల్ల ఎక్కువ ఇస్తరని పోయిండు! ఓనర్ నన్ను చూసి నవ్విండు గాని నాకు కోపం రాలే, పోయిండు అంటే పని వచ్చిందనే కదా. రెండో పిల్లగాడు ఉన్నడు, వాళ్ల అమ్మ ఇక్కడ ఒక్కతే ఉంటదని పోడు.

రేటు ఎంత అని అడిగేటోళ్లకు ఒక్కటే చెప్త, మేస్త్రీ చెప్పే రేటు ఖర్చుల ఒక భాగమే. దానికి చార్జీలు, రూమ్, క్యాన్లు, కూలర్లు, పాలసీ, మెడికల్, పండుగలకు ఆగిన రోజులు కలుపుకోండి, కలిపినంక గూడ పగిలిన బ్లాక్‌ల నష్టం కంటే తక్కువ వస్తనే పెట్టుకోండి. చిన్న క్వారీ, నెలకు నాలుగు బ్లాక్‌లు తీసేటోళ్లకు నేనైతే వద్దంట, ఇద్దరు ముగ్గురు క్వారీలోళ్లు కలిసి ఒక గుంపును తెచ్చుకుంటే నయం, కాకపోతే దెబ్బ తగిలితే ఎవల బాధ్యత అనేది ముందే కాగితం మీద రాసుకోవాలె.

ఇప్పుడు మా దగ్గర కృష్ణగిరి ఆపరేటర్ ఒక్కడే ఉన్నడు, తర్వాత వచ్చిన రెండో మిషిన్ మా పిల్లగాడు నడుపుతున్నడు. కొత్త డ్రిల్లర్లు రావాలె, వాళ్ల ఎక్స్‌రేలు ఊర్లనే తీయించి ఫోన్‌ల పంపమని మేస్త్రీకి చెప్పిన, చార్జీ పెట్టుకొని ఇక్కడిదాకా వచ్చినంక వాపస్ పోవుడు వాళ్లకూ మాకూ కష్టమే. ఫామ్ ఓ మాత్రం ఇక్కడనే మళ్ల చేయిస్తం. ఎవలికన్నా అగ్రిమెంట్‌ల ఆ నేర్పించే బోనస్ ఎట్ల రాసినమో గావాలంటే అడగండి, చెప్త.